గాలి తగిలిన సీసా

"ఆ విషానికి వాసన లేదని డాక్టరే చెప్పాడు. మరి వీడికెలా తెలిసింది?"

ఇన్‌స్పెక్టర్ పొద్దుటినుంచి ఎదురుపడ్డ ప్రతివాణ్నీ ఇదే ప్రశ్న అడుగుతున్నాడు. జవాబు తనకు తెలుసని అతని ధీమా. ఇప్పుడు పిన్ని వంతు వచ్చింది.

పిన్ని అంటే ఆ ఇంట్లో ఎవరికీ పిన్ని కాదు. ప్రైవేటు డిటెక్టివ్ పనిలో తల నెరిసిన మనిషి. దొంగలు, ప్లీడర్లు, జైలు వార్డర్లు కూడా ఆమెను పిన్నీ అనే పిలుస్తారు. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే మేడమ్ అంటాడు. ఆ మేడమ్‌లో గౌరవం ఎంతుందో కనిపెట్టాలంటే ఇంకో డిటెక్టివ్‌ని పెట్టుకోవాలి.

పిన్ని హాలు మధ్యలో కుర్చీలో బేడీలతో కూర్చున్న, వైన్ తయారుచేసే మేస్త్రి దగ్గరికి నేరుగా వెళ్లింది. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

"నా చెల్లెల్ని బతికించావు నాయనా. ఈ జన్మలో నీ రుణం తీరదు."

మేస్త్రి నెత్తురు లేని మొహంతో ఆమెను చూశాడు. "బతికించినందుకు బహుమతి ఇదిగోనమ్మా," అంటూ బేడీలు చూపించాడు.

"మేడమ్, ముద్దాయికి దణ్ణాలు పెట్టడానికి కాదు మిమ్మల్ని లోపలికి రానిచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దణ్ణం నా సొంత పని. అదైపోయింది. ఇప్పుడు మీ పని చూద్దాం," అంది పిన్ని.

నిన్న మధ్యాహ్నం ఇదే హాల్లో విందు జరిగింది. ద్రాక్షతోట యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలాయన, ఊపిరితిత్తుల జబ్బుతో చావు అంచుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆయన్ని వెనక్కి లాక్కొచ్చింది పిన్ని చెల్లెలు. నర్సు. ఆమెకు కృతజ్ఞత చెప్పుకోడానికే ఆ విందు పెట్టాడు. తోటను బిల్డర్లకు అమ్మబోవడం లేదనీ, ఇకముందు మేస్త్రే నడుపుతాడనీ అందరి ముందూ చెప్పాలని కూడా అనుకున్నాడు. చెప్పనే లేదు.

జబ్బు చేశాక పెద్దాయన భోజనంతోపాటు ఒక్క గ్లాసే తాగుతున్నాడు. అందుకని ఆయన కోసం ప్రత్యేకంగా చిన్న సీసాలు నింపి పెట్టారు. వాటిని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. నిన్న ఆయన తన చిన్న సీసా తనే తెరిచి, గ్లాసులో పోసి, తాగబోయి ఆగాడు. "ఈ పూట మొదటి గుక్క నీది తల్లీ," అని గ్లాసు నర్సు చేతిలో పెట్టాడు. ఆమె ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. పక్కన కూర్చున్న మేస్త్రి అలవాటు కొద్దీ సీసా లాక్కుని వాసన చూశాడు. మరుక్షణం "ఉమ్మేయ్!" అని ఇల్లదిరేలా అరిచాడు.

ఆమె భయపడి ఉమ్మేసింది. గొంతు దిగింది చుక్కో రెండు చుక్కలో. దానికే స్పృహ తప్పింది. తెల్లారేసరికి కళ్లు తెరిచి, "అక్కా, నా చెప్పులేవి?" అని అడిగింది. ఆ మాట విన్నాక పిన్ని ఆసుపత్రి వరండాలో బెంచీమీద కూలబడి, కనపడ్డ ఆయాలకీ వార్డుబాయ్‌లకీ అందరికీ థాంక్సు చెప్పింది. పెద్దాయన కూతురు నిన్నటినుంచి చెల్లెలి మంచం వదిలి కదల్లేదు. ఆ పిల్లని కావలించుకుని మరీ చెప్పింది.

"వినండి మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీ లాక్కుంటూ. "చిన్న సీసాలు నింపేది వీడు. పోయిన వారం పెద్దాయనతో గొడవ పడింది వీడు. తోట అమ్మేస్తారన్న భయం వీడికి. విషం పెట్టాడు. తీరా అది వేరే మనిషి నోట్లోకి పోయేసరికి గుండె జారి అరిచాడు. వాసన లేని విషాన్ని, పెట్టినవాడు తప్ప ఇంకెవడు కనిపెడతాడు?"

బాగానే చెప్పాడు. పిన్ని మనసులోనే మార్కులు వేసింది.

"విషం వాసన నాకు తెలీలేదయ్యా, వందసార్లు చెప్పాను!" మేస్త్రి కుర్చీలో ఎగిరిపడ్డాడు. అతనికి కోపం ముక్కుమీదే ఉంటుంది. "సీసాలో గాలి వాసన తగిలింది. గాలి!"

"గాలికి వాసనట," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గోడతో చెబుతున్నట్టు.

"నీకు తెలీకపోతే నా తప్పా? ఎండ తగలకుండా కాయ కోస్తాం. పిండిన రసాన్ని చల్లటి ట్యాంకులో పోసి, అందులో తీపినంతా చుక్క మిగల్చకుండా ఈస్టు తినేసేదాకా కాపలా కాస్తాం. అదీ డ్రై వైన్ అంటే. తీపి ఉంటే సవాలక్ష తప్పులు దాని చాటున దాక్కుంటాయి. ఇందులో దాక్కోడానికి చోటుండదు. తెల్ల వైన్‌కి గాలి తగిలిందా, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన కొడుతుంది. అంటే ఆ సీసా అంతకుముందే ఎవడో తెరిచాడు. తెరిచి, మళ్లీ మూశాడు. నా సీసా తెరిచి నాకు చెప్పకుండా మూశాడంటే మంచికి చేసుంటాడా? అందుకే అరిచాను."

"కథ బావుంది. మరి దీనికేమంటావు?" ఇన్‌స్పెక్టర్ జేబులోంచి చిన్న గాజు బుడ్డి తీసి బల్లమీద పెట్టాడు. అందులో గాజు పలుకుల్లాంటివి నాలుగు మెరుస్తున్నాయి. "నర్సు తాగిన గ్లాసు అడుగున దొరికాయి. విషం. ల్యాబ్ రిపోర్టు సాయంత్రానికి వస్తుంది."

మేస్త్రి పకపకా నవ్వాడు. అలా నవ్వకుండా ఉండాల్సిందేమో, ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డయింది.

నిన్నటి బల్ల ఇంకా ఎత్తలేదు. పోలీసులు ఎత్తనివ్వలేదు. ఒక పళ్లెంలో నిన్న తెరిచిన పెద్ద సీసాల బిరడాలు కుప్పగా ఉన్నాయి. పిన్ని కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్కటే తీసి చూసింది. ప్రతి బిరడాకూ వైన్ తగిలిన వైపున అవే పలుకులు అంటుకుని ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకి నాలుకమీద వేసుకుంది.

"మేడమ్!" ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు.

పిన్ని తాపీగా కరకరా నమిలింది. "చింతపండు పులుపు. నిన్న ఇంతమంది తాగిన సీసాల్లో ఉన్నదే మీ బుడ్డిలోనూ ఉంది. వాళ్లెవరికీ ఏమీ కాలేదుగా?"

"ద్రాక్షలో ఉన్న పులుపే చలికి అలా గడ్డకడుతుందమ్మా," అన్నాడు మేస్త్రి కాస్త నెమ్మదించి. "మా సీసాలన్నీ చల్లటి గదిలో పడుకోబెట్టి ఉంచుతాం. బిరడా ఎప్పుడూ తడిసే ఉంటుంది. అందుకే పలుకులు దానికి అంటుకుంటాయి."

"చిన్న సీసాలు కూడా అంతేనా?"

"అన్నీ అంతే."

పెద్దాయన చిన్న సీసా బిరడా విడిగా, పోలీసుల సంచీలో ఉంది. పిన్ని అడిగితే ఇన్‌స్పెక్టర్ అయిష్టంగా చూపించాడు. ఆ బిరడా అడుగు నున్నగా, పొడిగా, ఇంకా వాడని బిరడా అంత కొత్తగా ఉంది. ఒక్క పలుకు లేదు.

పిన్ని పక్కనున్న సీసాలు నింపే గదిలోకి నడిచింది. ఇన్‌స్పెక్టర్‌కి ఆమె వెనకాల వెళ్లక తప్పలేదు.

లోపల వణికించే చలి. గోడ పొడుగునా చెక్క అరల్లో సీసాలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. చిన్న సీసాలకు కింద ఒక అర. మూలన బల్లమీద బిరడాలు కొట్టే చేతి మెషిన్, దాని పక్కన బిరడాల సంచీ, సీసా మూతిమీద తొడిగే రేకులు. పిన్ని కింది అరలోంచి రెండు చిన్న సీసాలు తీసి, అక్కడున్న మెలితిప్పు చువ్వతో బిరడాలు లాగింది. రెండింటికీ అడుగున పలుకులు తళుక్కుమన్నాయి.

"చూశారుగా. నిన్నటి సీసా బిరడా మార్చేశారు. మేస్త్రి ముక్కు అబద్ధం చెప్పలేదు," అంది.

ఇన్‌స్పెక్టర్ ఆ బిరడాలను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అతను మొండివాడే కానీ గుడ్డివాడు కాదు. "సరే. మార్చారు. మార్చాలంటే ఈ మెషిన్ కావాలి. ఇది ఎవరి చేతికింద ఉంటుంది? మేస్త్రి చేతికింద. మీరు వాడిని విడిపించడానికి వచ్చారా, ఇరికించడానికా?"

గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దాయన తమ్ముడు. పొట్టి మనిషి. చేతులు కట్టుకుని తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. తోట అమ్మేద్దామని మొదట అన్నది ఇతనేనని పిన్నికి తెలుసు.

"ఈ గదికి తాళం ఉండదండీ," అన్నాడతను. "ఆ మెషిన్ మా ఇంట్లో అందరికీ వచ్చు. నేనూ, నా తర్వాత మా అన్న కూతురూ దాంతో ఆడుకునే పెరిగాం."

"అయితే మీకూ వచ్చన్నమాట," అంది పిన్ని.

"వచ్చు. అయితే?"

"తోట అమ్మాలని మీకుంది. మీ అన్నగారికి లేదు."

"ఉంది. మా అన్న కూతురికీ ఉంది. నేను మొహం మీదే చెప్పాను, నిన్న కూడా చెప్పాను. అంతమాత్రాన మా అన్నకి విషం పెడతానా?" అతని గొంతు లేచింది. "అసలు మా అన్నకి తెరిచిన సీసా పెట్టి దాటెయ్యగలమనుకునేవాడు వెర్రివెధవ! ట్యాంకు మూత తియ్యకుండా, పక్కన నిలబడి, ఇది ఏ వైపు గట్టుమీది కాయో చెప్పే మనిషండీ ఆయన. నర్సమ్మకి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. తనే ముక్కు దగ్గర పెట్టుకుని ఉంటే గ్లాసుని కిటికీలోంచి విసిరికొట్టేవాడు."

"అదీ నిజమే," అన్నాడు హాల్లోంచి మేస్త్రి. శత్రువు మాటే అయినా నిజం ఒప్పుకోక తప్పలేదన్నట్టు ఉంది అతని గొంతు.

పిన్ని ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఎక్కడో ఏదో పొసగడం లేదు. విషం పెట్టినవాడు ఇంత జాగ్రత్తగా బిరడా మార్చి, రేకు తొడిగి, ముక్కు సంగతి ఎలా మరిచిపోతాడు?

అందరూ తిరిగి హాల్లోకి వచ్చారు. పెద్దాయన వంటింటి గుమ్మం పక్కన తన వాలుకుర్చీలో, మోకాళ్లమీద శాలువాతో కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మేస్త్రి బేడీల వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ తన ఉపన్యాసం అందుకోబోతుండగా వంటింట్లోంచి పాలు మాడిన వాసన గుప్పుమంది. ఇన్‌స్పెక్టర్ జేబురుమాలు తీశాడు. తమ్ముడు "ఎవరే అక్కడ, గిన్నె దించండి!" అని కేకేశాడు. మేస్త్రి రెండు చేతులూ కలిపే ఎత్తి ముక్కు మూసుకున్నాడు. వంటావిడ పరుగున వచ్చి స్టవ్ ఆర్పింది.

గుమ్మానికి అందరికంటే దగ్గర కూర్చున్నది పెద్దాయన. ఆయన శాలువా అంచు సవరించుకుంటూ, ఎందుకీ హడావుడి అన్నట్టు అందరి మొహాలూ చూశాడు.

పిన్ని ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లి కింద కూర్చుంది. గొంతు బాగా తగ్గించింది.

"ఎన్నాళ్లయింది పెద్దాయనా?"

ఆయనకు వెంటనే అర్థమైంది.  కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పకుండా తప్పించుకోవచ్చు. కానీ ఎదురుగా కుర్చీలో బేడీలు వేసుకుని కూర్చున్న మనిషిని ఈసారి తలెత్తి చూశాడు.

"జబ్బు పడ్డప్పటినుంచీ," అన్నాడు అందరికీ వినపడేలా. "నాకు వాసన తెలీడం లేదు. రుచీ తెలీడం లేదు. వైన్ అయినా మంచినీళ్లయినా ఒకటే నాకు."

 తమ్ముడు నమ్మలేనట్టు అన్న మొహంలోకి చూశాడు.

"ఈ ముక్కుతోనే ఇంత పేరు తెచ్చుకున్నాను. అది పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? రోజూ గ్లాసు తిప్పి, వాసన చూసినట్టు నటించి, తలాడించి తాగుతున్నాను."

మేస్త్రి కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అందుకా పెద్దయ్యా? కొత్త వైన్ తెచ్చిస్తే ఒక్క మాట అనలేదు మీరు. బాగుందనలేదు, బాలేదనలేదు. నా చెయ్యి పాడైందేమో, మొహాన చెప్పలేక ఊరుకుంటున్నారేమో అనుకుని పోయిన వారం మీమీద నోరు పారేసుకున్నాను. అంతేగానీ..."

"నీ చెయ్యి పాడవడమేంట్రా. నీ ముక్కే నిన్న ఆ తల్లిని కాపాడింది. నన్నూ కాపాడింది." పెద్దాయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. "నాకు పోయినా నీకుంది. దేవుడి దయ."

పిన్ని మోకాళ్లు పట్టుకుని లేచింది. 

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇప్పుడు చెప్పండి. పెద్దాయన ముక్కు నిక్షేపంగా ఉందని ఈ మేస్త్రి ఈ క్షణం దాకా నమ్మాడు. అలా నమ్మిన మనిషి ఆయనకి గాలి తగిలిన సీసా ఎలా పెడతాడు? పెద్దాయన వాసన చూడగానే దొరికిపోతాడు కదా? ఆ తమ్ముడుగారూ అంతే. ఇందాక మనతో అన్న మాట మీరూ విన్నారు."

"విన్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని మెదడు ఇప్పుడు గబగబా పని చేస్తోందని మొహంలోనే తెలుస్తోంది. "అంటే సీసా మార్చినవాళ్లకి పెద్దాయనకి వాసన తెలీదని ముందే తెలుసు."

"అంతే. ఆ రహస్యం ఎవరికి తెలుసో వాళ్లే మనకి కావాలి."

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తటపటాయించి, తాళం చెవి తీసి మేస్త్రి చేతులు విప్పాడు. క్షమించమని నోటితో అనలేదు. కానీ బేడీలు ఒత్తుకున్న చోట ఎర్రగా కమిలిన చర్మం చూసి, తన జేబురుమాలు తడిపి తెచ్చి ఇచ్చాడు. పిన్నికి అతనిమీద అంతవరకూ లేని అభిమానం పుట్టుకొచ్చింది.

"మీరు ఎవరితో చెప్పారు పెద్దాయనా?" అని అడిగింది.

"నా అంతట నేను ఎవరితోనూ అనలేదమ్మా. మీ చెల్లెలే కనిపెట్టింది. ఎవరికీ చెప్పొద్దని బతిమాలితే ఒట్టేసింది."

పిన్ని ఫోన్ తీసింది. మనసు దూదిపింజలా తేలిగ్గా ఉంది. మేస్త్రి చేతులకు బేడీలు లేవు. చెల్లెలు బతికి ఉంది. ఇంకొక్క పేరు దొరికితే ఇంటికెళ్లి తలస్నానం చేయొచ్చు.

రెండో రింగుకే పెద్దాయన కూతురు ఎత్తింది. "చెప్పండి పిన్నిగారూ. మీ చెల్లెలి చేతికి సెలైన్ ఉంది కదా, నేనే ఫోన్ పట్టుకుంటాను. స్పీకర్‌లో పెట్టాను, మాట్లాడండి."

"నీ మేలు మర్చిపోలేనమ్మా," అంది పిన్ని నిండు మనసుతో. "ఏమే, ఎలా ఉన్నావు? ఒక్క మాట అడుగుతాను, బాగా గుర్తు చేసుకుని చెప్పు. పెద్దాయనకి వాసన తెలీడం లేదన్న సంగతి నువ్వు ఎవరితోనైనా అన్నావా?"

"అయ్యో, నీకెవరు చెప్పారక్కా? ఆయనకి ఒట్టేశాను. ఎవరితోనూ అనలేదు." చెల్లెలి గొంతు నీరసంగా ఉన్నా సంతోషంగా ఉంది. "ఆ... ఒక్క ఈ అమ్మాయిగారితో అన్నానంతే. కన్నకూతురే కదా అని. నాన్నగారికి రుచి తెలీక అన్నం సయించడం లేదు, కాస్త దగ్గరుండి తినిపించమని చెప్పాను. అది తప్పు కాదుగా?"

 అవతల ఫోన్ పట్టుకుని ఉన్న చెయ్యి ఎవరిదో పిన్నికి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ మాట విన్నది తనొక్కతే కాదు.

ఆమె మామూలు గొంతుతోనే అంది: "తప్పేముందే, ఏం లేదు. ఇదిగో, డాక్టర్ ఇప్పుడే ఫోన్ చేశాడు. నీకు పరగడుపున రక్తపరీక్ష ఉందట. ఆయన వచ్చేదాకా ఏమీ తినకు. మంచినీళ్లు కూడా తాగకు. విన్నావా?"

"అయ్యో రామ! ఆ ముక్క ముందే చెప్పొద్దా అక్కా? అమ్మాయిగారు ఇంటినుంచి బత్తాయిలు తెప్పించి స్వయంగా రసం తీసి ఇచ్చారు. ఇప్పుడే సగం గ్లాసు తాగేశాను. ఎంత మంచి మనసో, నాకోసం నిన్నటినుంచి కంటిమీద కునుకు లేకుండా..."

మాట మధ్యలో తెగింది. స్పీకర్ ఆగిన చప్పుడు. తర్వాత కూతురి గొంతు ఒక్కటే, చాలా దగ్గరగా, చాలా నెమ్మదిగా వినిపించింది.

"మా నాన్న ప్రాణం నిలబెట్టిన మనిషి పిన్నిగారూ. ఆమె రుణం నేను ఉంచుకుంటానా?"

ఫోన్ కట్టయింది.

పెద్దాయన కుర్చీలోంచి లేవబోయాడు. "ఏమైందమ్మా? మా అమ్మాయేనా మాట్లాడింది?" అని అడుగుతున్నాడు. పిన్ని ఆయన వైపు చూడలేకపోయింది. ఆసుపత్రి నంబరు నొక్కుతూనే ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి, "దాని గది ముందు మీ కానిస్టేబుల్ ఉన్నాడుగా? ముందు వాడికి చెప్పండి!" అని అరిచింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. 

"దోషి దొరికాడని పొద్దున్నే వాణ్ని వెనక్కి పిలిపించేశాను పిన్నీ."